ఎనిమిదో నట్టు

“ఎన్ని కూతలొచ్చాయి?” హాల్లోంచి అడిగింది అత్తయ్య.

“మూడు,” అన్నాను.

అనేశాక తెలిసింది, ఒక్కటి కూడా లెక్కపెట్టలేదని. కుక్కరు కూసిన మాట నిజమే. ఎన్నిసార్లు కూసిందో తెలియాల్సింది నాకే, వంటింట్లో ఉన్నది నేనొక్కదాన్నే కాబట్టి. కానీ చెయ్యి ఉల్లిపాయ మీద, కన్ను గడియారం మీద, మనసు ఆయన చొక్కాకి ఊడిన గుండీ మీద ఉన్నాయి. అడగ్గానే నోరు తన పాటికి తాను మూడు అనేసింది. ఎవరు ఎప్పుడడిగినా మా ఇంట్లో మూడే. అడిగినవాళ్ళకి కావలసింది లెక్క కాదు, ఇక ఆ సంగతి తాము పట్టించుకోనక్కర్లేదన్న భరోసా.

స్టవ్ కట్టేశాను. కట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది. నిన్న మధ్యాహ్నం బండి కింద పడుకుని ఎన్ని టక్కులు విన్నాను? ఎనిమిది అని చెప్పబోయింది నోరు. దాన్ని నమ్మడానికి ధైర్యం చాలలేదు.

మా ఇల్లు పైన, షాపు కింద. మామూలు రిపేర్ల షాపు కాదు. వేగంగా తోలడం సరదా ఉన్నవాళ్ళు, రోజూ రోడ్డు మీద తిరిగే కార్లనే పందెపు బండ్లంత చురుగ్గా చేయించుకోవడానికి మా దగ్గరికి వస్తారు. మేస్త్రీ చెయ్యి పడితే ఎంత పెంకి బండైనా మాట వింటుందని చెప్పుకుంటారు. మేస్త్రీ అంటే ఆయనే. చెయ్యి మాత్రం మూడేళ్ళుగా నాది.

మూడేళ్ళ కిందట ఆయన నడుములో డిస్కు జారింది. వంగొద్దు, బరువు లాగొద్దు, బండి కింద పడుకోవడం అసలే వద్దన్నాడు డాక్టరు. “ఓ నెల రోజులు నువ్వు కాస్త సాయం పట్టు,” అన్నారు ఆయన. పెళ్ళైన కొత్తలో టీ ఇవ్వడానికి కిందికి వెళ్ళి, కప్పు ఖాళీ అయ్యేదాకా నిలబడి చూసి, సగం పని అప్పటికే కళ్ళతో నేర్చేసుకున్నాను. మిగతా సగం ఆయన స్టూలు మీద కూర్చుని చెబుతుంటే నేర్చుకున్నాను. మంచి గురువు, ఆ మాట దాస్తే నా కళ్ళు పోతాయి. ఒక్కనాడూ విసుక్కోలేదు. చెయ్యి జారి నా వేలు చితికిన రోజు ఆయనే కుంటుకుంటూ పైకెళ్ళి ఐసుముక్కలు తెచ్చారు. ఆ నెల మూడేళ్ళయింది. కస్టమరు ఉన్నప్పుడు నేను టీ ట్రేతో కనిపిస్తాను. కస్టమరు వెళ్ళి, షట్టరు సగం దిగాక బండి కింద ఉంటాను. “మీ ఆయన చేతులకి ఇన్సూరెన్సు చేయించమ్మా,” అని ఒకాయన టీ తాగుతూ నాతో అన్నాడు. చేయిద్దామండీ అని నవ్వాను. ఆ రోజు నా రెండు చేతులూ మోచేతుల దాకా నొప్పిగా ఉన్నాయి. ట్రే వణక్కుండా పట్టుకోవడానికే సరిపోయింది నా తెలివంతా.

అత్తయ్యకి ఈ సంగతి తెలుసో లేదో నాకు తెలియదు. కొడుకు పనితనం గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. నేను కిందికి వెళితే టీ ఇవ్వడానికి వెళ్ళాననే లెక్క. రెండు గంటల పాటు టీ ఇచ్చే మనిషిని లోకంలో ఇంకెక్కడా చూసి ఉండదు. అయినా కిందటి చలికాలం ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని, ఏమీ అనకుండా నా కుడి మణికట్టుకి నొప్పుల మందు రాసింది. ఎందుకు నొప్పి అని అడగలేదు. అడిగితే తెలుసుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడీ పళ్ళ డాక్టరమ్మ బండి సంగతి. యాభై దాటిన మనిషి. వారమంతా ఇతరుల నోళ్ళలోకి తొంగి చూసి, సెలవు రోజున ముదురు నీలం రంగు రెండు తలుపుల కారేసుకుని కొండదారి పట్టుకుంటుంది. ఇంజను బలమైనది. వెనక చక్రాలు ఆ బలానికి తగ్గట్టు నిలబడలేకపోతున్నాయి. “మలుపులో కాస్త తొక్కానంటే వెనక భాగం నన్నడక్కుండా తన దారి తను చూసుకుంటోంది మేస్త్రీ,” అని ఆవిడ చెప్పుకుంది. కారణం వెనక ఉండే కంట్రోల్ ఆర్ములు. ఇరుసునీ చక్రాలనీ బండి ఒంటికి పట్టి ఉంచే ఇనప చేతులవి. కింద రెండు, పైన రెండు. కంపెనీ ఇచ్చినవి పల్చటి రేకు మడిచి చేసినవి. బలంగా తొక్కితే అవి వంగుతాయి, వాటి చివర్లలోని రబ్బరు బుష్షులు సాగుతాయి. వాటిని తీసి, మందపాటి గొట్టాలతో చేసిన కొత్త ఆర్ములు వెయ్యాలి. నాలుగు చేతులు, ఒక్కోదానికి రెండు చివర్లు, మొత్తం ఎనిమిది బోల్టులు, ఎనిమిది నట్లు.

ఈ పనిలో తొందరపడేవాళ్ళు చేసే తప్పొకటుంది. బండిని పైకెత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే నట్లు పూర్తిగా బిగించేస్తారు. తీరా కిందికి దించాక బరువు పడి, లోపలి రబ్బరు మెలితిరిగి నాలుగు నెలలకే చిరుగుతుంది. అందుకని ముందు వదులుగా పట్టించి వదలాలి. బండి బరువంతా దాని చక్రాల మీద పడ్డాకనే కిందికి దూరి అసలు బిగింపు బిగించాలి. దానికి టార్క్ రెంచి ఉంటుంది. ఎంత బిగువు కావాలో పిడి మీద అంకె తిప్పి పెట్టుకుంటే, ఆ బిగువు రాగానే చేతిలో టక్కుమంటుంది. ఆ శబ్దం వినగానే నేను తెల్ల పెయింటు పెన్నుతో నట్టు మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్నటి గీత గీస్తాను. నట్టు ఏనాడు రవ్వంత తిరిగినా ఆ గీత రెండుగా విడిపోయి కనిపిస్తుంది. ఇది ఆయన చెప్పింది కాదు. నాకు నేను పెట్టుకున్న పద్ధతి. కస్టమర్లకి భలే నచ్చింది. ఫొటోలు తీసి స్నేహితులకి పంపుకుంటారు. దానికి మేస్త్రీ గీత అని పేరు.

ఒక టక్కు, ఒక గీత. మూడేళ్ళలో ఎప్పుడూ తప్పలేదు. నిన్న తప్పింది. టైర్ల మీద నంబర్లు రాయాలని పెన్ను ఆయన ముందు గదిలోకి పట్టుకెళ్ళారు. సరే, నట్లన్నీ బిగించి గీతలు ఆఖర్న గీద్దాంలే అనుకుని మొదలుపెట్టాను. ఎడమ పక్క నాలుగూ అయ్యాయి, అవి బాగా గుర్తున్నాయి. కుడి పక్కకి జరిగాను. అయిదు. ఆరు. అప్పుడు జేబులో ఫోను మోగింది. “అమ్మాయ్, బాత్రూంలో కుళాయి ఎంత కట్టినా ఆగట్లేదు, నీళ్ళన్నీ పోతున్నాయి,” అంది అత్తయ్య. చేతి తొడుగు విప్పడం గుర్తుంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని రెంచి పిడి పట్టుకోవడం గుర్తుంది. అది ఏడో నట్టు మీద ఉందా, ఎనిమిదో దాని మీద ఉందా, లేక పక్కన పెట్టడానికి పట్టుకున్నానా, అక్కడ జ్ఞాపకమంతా ఖాళీ.

పైకి వెళితే ఒక్క పనితో వదలదు కదా. కుళాయిలో వాషరు మార్చాను. ఈలోగా చినుకులు పడ్డాయి, మేడ మీద బట్టలు తెచ్చాను. తెచ్చినవి కుర్చీలో పడేస్తే ముడతలు పడతాయని మడత పెట్టాను. పాలు విరిగేలా ఉన్నాయంటే కాచాను. కాగేలోపు అత్తయ్య మాత్రలు వారానికి సరిపడా డబ్బాల్లో సర్దాను. కిందికి వచ్చేసరికి ఆయన లిఫ్టు పక్కన నిలబడి ఉన్నారు. గేరుబాక్సు దించాల్సిన వ్యాను వాకిట్లో అడ్డంగా ఆగి ఉంది. “అయిపోయిందా? లిఫ్టు ఖాళీ చెయ్యాలి,” అన్నారు. అయిపోయిందనే అన్నాను. ఆయన పెన్ను నా చేతికిచ్చారు. కింద దూరి ఎనిమిది నట్ల మీదా ఎనిమిది గీతలు గీసి వచ్చేశాను.

ఇవాళ వంటింట్లో నిలబడి ఆ గీతల్నే తలుచుకున్నాను. గీసినప్పటినుంచి నట్టు తిరగలేదని మాత్రమే చెబుతుంది గీత. గీసే ముందు బిగించానో లేదో దానికేం తెలుసు? ఇప్పుడు వెళ్ళి లైటు వేసి చూసినా ఎనిమిదీ చక్కగా, తెల్లగా, వంకరలేకుండా కనిపిస్తాయి. ప్రపంచంలో ఎవరైనా ఆ గీతల్ని నమ్మొచ్చు, గీసిన నేను తప్ప.

ఆయన టిఫినుకి కూర్చున్నాక చెప్పాను. చివరి రెండు నట్లు బిగించానో లేదో గుర్తు రావట్లేదన్నాను.

ఆయన నమలడం ఆపలేదు. “గీత గీశావా?”

“గీశాను.”

“మరింకేం?”

“అన్నీ చివర్లో ఒక్కసారే గీశానండీ. పెన్ను మీ దగ్గరుండిపోయింది కదా.”

“అయితే తప్పు పెన్నుదంటావు,” అని నవ్వారు. నేను నవ్వలేదని చూసి, నా కంచంలో ఏమీ లేకపోవడం చూసి, కొంచెం మెత్తబడ్డారు. “నీకు అనుమానాల జబ్బు. కొత్తా ఏమన్నా?”

కొత్త కాదు. ఆ జబ్బు మా ఇంట్లో అందరికీ ఆటవస్తువు. చుట్టాలొస్తే ఆయన చెబుతారు, మా ఆవిడ తాళం వేసి లాగుతుంది, మళ్ళీ లాగుతుంది, వీధి చివరిదాకా వచ్చి వెనక్కెళ్ళి ఇంకోసారి లాగుతుంది, ఎప్పుడో ఒకరోజు తాళమే విసిగిపోయి ఊడి చేతిలోకొచ్చేస్తుంది అని. అందరూ నవ్వుతారు. వడ్డిస్తూ నేనూ నవ్వుతాను. ఆ చేతుల్ని నమ్ముకునే మనుషులు వేగంగా కొండలెక్కుతున్నారనీ, ఆ లాగి చూసే జబ్బే షాపుకి పేరు తెచ్చిందనీ అక్కడ చెప్పేవాళ్ళెవరూ లేరు. ఆయనకు తెలుసు, అయినా చెప్పరు. చెప్పకూడదని కాదు, చెబితే కథ మొదటినుంచీ చెప్పాల్సి వస్తుందని.

ఇప్పుడూ అదే. లిఫ్టు మీద వ్యాను ఉంది, గేరుబాక్సు కింద నేల మీద ఉంది, అది కదలదు అన్నారు. డాక్టరమ్మ పదకొండుకి వస్తుంది, ఆవిడ వచ్చేసరికి కడిగి తుడిచిన బండి వాకిట్లో ఉండాలి గాని, మళ్ళీ విప్పుకుని కూర్చుంటే ఏమనుకుంటుంది అన్నారు. వెనక చక్రాలు ర్యాంపుల మీదికెక్కిస్తే బరువు చక్రాల మీదే ఉంటుంది, గంట పని, నేను చేస్తానన్నాను. ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, తువ్వాలు మడత పెట్టారు. మామూలుగా ఆ తువ్వాలు మడత పెట్టేది నేను.

“ఆవిడ అడుగుతుంది, ఎందుకు మళ్ళీ చూస్తున్నారని. ఏం చెప్పను? బిగించిన మనిషికి గుర్తులేదని చెప్పనా? బిగించిన మనిషిని నేనే కదా.”

ఆయన కిందికి వెళ్ళిపోయారు.

గిన్నెలు సింకులో వేసి అలాగే నిలబడ్డాను. రెండు భయాలు రెండు పక్కలనుంచి పట్టి లాగుతున్నాయి. ఒకటి ఆ కొండదారి. వదులైన నట్టు వెంటనే ఊడదు. వంద మలుపుల దాకా ఓపిక పడుతుంది. ఆ తర్వాత ఒక మలుపులో ఆర్ము చివర జారుతుంది, ఇరుసు ఒక పక్కకి లాగేస్తుంది, వెనక భాగం నిజంగానే తన దారి తను చూసుకుంటుంది. రెండో భయం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఈ మూడేళ్ళలో కొన్ని వేల నట్లు బిగించి ఉంటాను. ఒక్కటి వదులు కాలేదు. అందులో ఏదీ నాది కాదు, అన్నీ మేస్త్రీవే. కానీ ఇది గనక వదులుగా ఉండి, ఆ సంగతి బయటపడితే, ఇది మాత్రం నాదవుతుంది. ఆడవాళ్ళ చేతికి రెంచి ఇస్తే ఇంతేనంటారు. వంద చోట్ల మనసు పెట్టుకుంటుందంటారు. అవును, వంద చోట్లే. ఆ వంద చోట్లూ ఎవరివి?

పక్కన అలికిడైతే చూశాను. అత్తయ్య. ఎప్పుడొచ్చిందో, చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని నా చేతిలోంచి గిన్నె తీసుకుంది.

“ఇవి నేను చూస్తాలే. నువ్వు కిందికెళ్ళు.”

“పర్లేదత్తయ్యా, మీ మోకాళ్ళు...”

“మోకాళ్ళతో ఎవరు తోముతారు? వెళ్ళు. వెళ్ళి ఆ నట్లేవో చూసుకో,” అంది. కుళాయి తిప్పి, నీళ్ళు చూస్తూ, గొంతు తగ్గించి, “నిన్న నేను పిలవకుండా ఉండాల్సింది,” అంది.

నట్లు అంది. టీ అనలేదు. ఏదో అనాలనుకున్నాను. ఏమన్నా ఆవిడ ముఖం ఇటు తిప్పాల్సి వస్తుందనిపించి, అనకుండానే మెట్లు దిగాను.

దిగేసరికి ఆలస్యమైపోయింది. పదకొండుకి రావాల్సిన డాక్టరమ్మ తొమ్మిదిన్నరకే వచ్చేసింది. ఎండ ముదరక ముందే కొండెక్కాలట. ఒంటరిగా కూడా రాలేదు. వెంట వాళ్ళ చెల్లెలు ఉంది. బక్కపల్చటి మనిషి, చంకలో ఒక దిండు. అక్క తోలితే తనకి తల తిరుగుతుందని, దిండు కావలించుకుని కళ్ళు మూసుకుంటానని ఆవిడే నాతో చెప్పింది. “మా అక్క పళ్ళు పీకినంత సులువుగా మలుపులు తిప్పుతుందమ్మా. నొప్పి మాత్రం పక్కనున్నవాళ్ళకి,” అంది. నేను నవ్వలేకపోయాను. ఆ దిండు వంకే చూస్తున్నాను.

ఆయన బండి పక్కన నిలబడి పని గురించి వివరిస్తున్నారు. పాత ఆర్ము ఒకటి చేత్తో పట్టుకుని, రేకు ఎక్కడ వంగిందో చూపించారు. బరువు చక్రాల మీద పడ్డాకనే బిగించానని చెప్పారు. ఒక్కో నట్టు లెక్క ప్రకారం బిగించి గీత పెట్టానని చెప్పారు. అబద్ధం చెబుతున్న మనిషిలా లేరు. ఇన్నేళ్ళుగా చెప్పీ చెప్పీ ఆ మాటలు ఆయనకు నిజంలాగే అలవాటైపోయాయి. వింటూ ఉంటే నాకూ ఒక్కోసారి అలాగే అనిపిస్తుంది, ఆ బండి కింద ఉన్నది ఎవరో నాకు తెలియని మనిషని.

“అయితే ఇంక భయం లేకుండా తోలుకోవచ్చన్నమాట,” అంది డాక్టరమ్మ.

ఆయన వెంటనే అవునని ఉంటే ఏమయ్యేదో తెలియదు. అనలేదు. తాళంచెవి చేతిలో అటూ ఇటూ తిప్పారు. నా వైపు చూశారు. ఆ చూపులో కోపం లేదు. పొద్దున టిఫిను దగ్గర నేను ఆయన్ని చూసిన చూపే అది. అప్పుడు తెలిసింది నాకు, ఆయన కూడా కిందికి వచ్చినప్పటినుంచీ ఆ రెండు నట్ల గురించే ఆలోచిస్తున్నారని.

“ఒక గంట ఆగగలరా డాక్టరుగారూ,” అన్నాను. “నట్లు మరోసారి చూసి ఇస్తాం.”

ఆయన గబుక్కున అందుకున్నారు. “ఏం లేదండీ, మా ఆవిడకి కాస్త చాదస్తం. గీతలు సరిగ్గా ఉన్నాయో లేదో ఊరికే లైటు వేసి చూస్తానంటుంది. చూడనిద్దాం.”

ఆవిడ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవరి నోట్లో ఏం దాచుకున్నారో పసిగట్టడం ఆవిడ వృత్తి. పర్సు ఒళ్ళో పెట్టుకుని బల్ల మీద కూర్చుంది. “చూడండి. పంటికి సిమెంటు పెట్టాక నేనూ రెండోసారి నొక్కి చూస్తాను,” అంది అంతే.

ర్యాంపులు నేనే తెచ్చి పెట్టాను. ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని వెనక్కి ఎక్కించి, హ్యాండుబ్రేకు వేసి దిగారు. ముందు చక్రాలకి నేను చెక్క దిమ్మలు అడ్డం పెట్టాను. లోపలికెళ్ళి, మేకుకి తగిలించిన ఓవరాల్ కోటు తీసి చీర మీదే వేసుకున్నాను. ఆయన పాతది, చేతులు రెండు మడతలు మడవాలి. టార్క్ రెంచి పెట్టె తెరిచి అంకె సరిచూసుకుని, చేతిలైటు కూడా తీసుకున్నాను. బయటికి వచ్చేసరికి లైటు వేసి చూసే మనిషిలా లేనని నాకు తెలుసు. చెల్లెలు దిండు గుండెలకి హత్తుకుంది. ఆయన నా వంక ఒక్క క్షణం చూసి, లోపలికెళ్ళారు. కోప్పడ్డారేమో అనుకున్నాను. అట్టపెట్టె ఒకటి విప్పదీసి తెచ్చి, నడుం పట్టుకుని కష్టంగా వంగి, నేను పడుకునే చోట నేల మీద పరిచారు. రోజూ పరిచేదే. కస్టమరు ఎదురుగా పరచడం ఇదే మొదటిసారి.

బండి కింద ఎప్పుడూ ఒకటే వాసన, రబ్బరూ గ్రీజూ తడి దుమ్మూ. మామూలుగా ఆ వాసనలోకి దూరగానే నా గుండె నెమ్మదిస్తుంది. ఇవాళ నెమ్మదించలేదు. ఎడమ పక్కనుంచి మొదలుపెట్టాను. రెంచి పెట్టి లాగితే నట్టు కదలకుండానే టక్కుమంది. రెండు. మూడు. నాలుగు. కుడికి జరిగాను. అయిదు, ఆరు. ఏడో దానికి చెయ్యి ఆగింది. లాగాను. కదల్లేదు, టక్కుమంది. ఏడోది బిగించాను నిన్న. ఫోను భుజం మీద పెట్టుకునే బిగించానన్నమాట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చేతికి నా మీద ఇంకా దయ ఉందనిపించింది. జబ్బే కాబోలు, ఆయనన్నదే నిజం కాబోలు అనుకున్నాను. ఆ ఉత్సాహంతోనే ఎనిమిదోది పట్టి లాగాను.

నట్టు తిరిగింది. పావు చుట్టు. ఇంకా తిరిగింది. అర చుట్టు దాటింది. అప్పుడు టక్కుమంది.

రెంచి గుండెల మీద పెట్టుకుని అలాగే పడుకున్నాను. తెల్ల గీత రెండు ముక్కలై, సగం నట్టు మీద, సగం ఇనుము మీద, ఒకదానికొకటి పరాయివాటిలా ఉన్నాయి. చల్లటి నేల వీపుకి తగులుతోంది. ర్యాంపు పక్కనుంచి ఆవిడ చెప్పులు కనిపిస్తున్నాయి, పక్కనే చెల్లెలివి, కొంచెం దూరంగా ఆయనవి. ఆ మూడు జతల చెప్పులకీ వినిపించింది ఎనిమిది టక్కులు. బిగిసిన నట్టుకీ వదులైన నట్టుకీ ఆఖరి శబ్దం ఒకటే. నట్టు తిరగడం చూసిన మనిషిని నేనొక్కదాన్నే. జేబులో పెన్ను ఉంది, గుడ్డ ఉంది. పాత గీత తుడిచేసి కొత్తది గీయడానికి అరనిమిషం చాలు. బయటికి వచ్చి, అన్నీ సరిగ్గానే ఉన్నాయండీ, ఉత్త అనుమానం అనొచ్చు. ఆయన నవ్వుతారు, తాళం కథ చెబుతారు, ఆవిడా నవ్వుతుంది. బండి ఇప్పుడు నిజంగానే గట్టిగా ఉంది, ఎవరికీ ఏమీ కాదు. నేను ఓవరాల్ కోటు విప్పి టీ పెడతాను. ఎవరికీ నష్టం లేని అబద్ధం అది. ఇంతకంటే పెద్దది మూడేళ్ళుగా ఆడుతున్నాం.

గుడ్డ తీశాను కూడా.

గీత మీద పెట్టబోయి ఆగాను. ఇది తుడిచేస్తే పోయేది తప్పొక్కటే కాదు. ఏడూ సరిగ్గా బిగించిన చెయ్యి, ఫోను భుజం మీద మోస్తూ ఏడోది వదలని చెయ్యి, అదీ పోతుంది. తప్పు నాది కాదంటే పని కూడా నాది కాదు. ఇన్నేళ్ళూ పని నాదని ఎలా చెప్పాలా అని మాటలు వెతుక్కున్నాను. గర్వంగా చెప్పే మాటలే వెతికాను, ఒక్కటీ దొరకలేదు. తలవంచుకుని చెప్పాల్సిన మాట ఒకటి మాత్రం ఇప్పుడు నా చేతికందేంత దూరంలో, రెండు తెల్ల ముక్కలై ఉంది.

గుడ్డ జేబులో పెట్టుకుని బయటికి జరిగాను. జుట్టులో దుమ్ము, మోచేతికి గ్రీజు. లేచి నిలబడ్డాను.

“ఏంటి, అన్నీ బాగానే ఉన్నాయిగా,” అన్నారు ఆయన. అది ప్రశ్న కాదు, బతిమాలడం.

“ఏడు బాగున్నాయి. ఎనిమిదోది వదులుగా ఉంది, ఇప్పుడు బిగించాను,” అన్నాను. “నిన్న ఈ ఎనిమిదీ బిగించింది నేనే డాక్టరుగారూ. ఆర్ములు వేసిందీ నేనే. మధ్యలో లేచి వెళ్ళి, అది వదిలేసిందీ నేనే. లైటు వేసి చూడండి, గీత విడిపోయి ఉంటుంది.”

పై నుంచి గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది. చెల్లెలు అక్క వంక చూసింది. ఆయన నడుం మీద చెయ్యి వేసుకుని నేలకేసి చూస్తున్నారు. కాదనలేదు. అంతమాత్రం చాలనిపించింది ఆ క్షణానికి.

డాక్టరమ్మ లేచి, నా చేతిలోంచి లైటు తీసుకుని, ఆ ఖరీదైన బట్టలతోనే అట్ట మీద మోకాళ్ళూని తల వంచి చూసింది. చాలాసేపు చూసింది. లేచి మోకాళ్ళు దులుపుకుంది. ఇందాకటినుంచీ ప్రశ్నలన్నీ ఆయన్నే అడిగిన మనిషి, ఇప్పుడు ఆయన వైపు చూడలేదు.

“మా చెల్లెల్ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్ళాలి నేను,” అంది నాతో. గొంతులో నవ్వు లేదు, కోపమూ లేదు. “వెళ్ళమంటావా?”

అవునండీ, నిశ్చింతగా వెళ్ళండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

“ఇప్పుడే కాదు,” అన్నాను. “ముందు మీ పక్కన నేను కూర్చుంటాను. కొండదారిలో వంతెన అవతలి మలుపుల దాకా, మీరు ఎప్పుడూ తోలేలాగే తోలండి. తిరిగొచ్చాక మళ్ళీ కింద దూరి ఎనిమిదీ చూస్తాను. అప్పుడు చెబుతాను.”